ఫోల్డర్ల కొద్దీ ఫోటోలు రీసైజ్ చేసే స్క్రిప్ట్: కొన్ని అడ్డం తిరిగాయి, కొన్ని అసలు రాలేదు

#1 · కొత్తగీత

అందరికీ నమస్తే. నాకు పైథాన్ కొద్దిగా వచ్చు. అంటే ఎవరైనా రాసింది చదివి అక్కడక్కడా మార్చుకోగలను, అంతే. మా సంస్థ పాత ఫోటోలన్నీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించే పని నా మీద పడింది. కొన్ని వేల ఫైళ్లు. సంవత్సరానికో ఫోల్డర్, అందులో కార్యక్రమానికో ఫోల్డర్. చాలావరకు కెమెరాలవి, ఫోన్లవి, మధ్యమధ్య స్క్రీన్‌షాట్లు. పొడుగు వైపు 1600 పిక్సెళ్లు మించకూడదు, ఫైలు 500 కేబీ దాటకూడదు.

నెట్‌లో దొరికిన ఒక పాత స్క్రిప్ట్ తీసుకున్నాను, పిల్లో అనే పైథాన్ ఫోటో లైబ్రరీతో రాసింది. మొదట “ఇమేజ్‌లో యాంటీఅలియాస్ అనేది లేదు” అని ఎర్రర్ ఇచ్చింది. ఆ మాట తీసేస్తే నడిచింది. కానీ రెండు సమస్యలు:

ఒకటి, ఫోన్‌తో నిలువుగా తీసినవి అడ్డంగా పడుకుని వస్తున్నాయి. అన్నీ కాదు, కొన్నే.

రెండు, అవుట్‌పుట్ ఫోల్డర్‌లో ఫైళ్లు తక్కువగా ఉన్నాయి. వందల్లో తేడా. ఎర్రర్ ఏమీ రాలేదు, చివర్లో “పూర్తయింది” అనే వచ్చింది.

విండోస్ ల్యాప్‌టాప్. స్క్రిప్ట్ అటాచ్ చేశాను, ఇరవై లైన్లు కూడా లేదు.

#2 · షెల్ సుబ్బు

ఇంతదానికి పైథాన్ ఎందుకండీ, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కమాండ్లతో ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోండి. అందులో మాగ్రిఫై అనే కమాండ్ ఉంది. దానికి -రీసైజ్ ఇచ్చి, పక్కన "1600×1600>" అని రాసి, చివర ఫైళ్ల పేర్లు ఇస్తే చాలు. ఒక్క లైను.

ఆ చివర ఉన్న > గుర్తు ముఖ్యం. “ఇంతకన్నా పెద్దవాటినే తగ్గించు, చిన్నవాటి జోలికి పోకు” అని దాని అర్థం. అది లేకపోతే 400 పిక్సెళ్ల లోగోను కూడా సాగదీసి 1600 చేస్తుంది.

#3 · నీలిమేఘం

సుబ్బు గారూ, ఆ లైను అలాగే కాపీ కొట్టేవాళ్లు ఉంటారు, మిగతాది కూడా చెప్పండి.

మాగ్రిఫై అసలు ఫైలు మీదే రాసేస్తుంది. 4000 పిక్సెళ్ల ఒరిజినల్ ఉన్న చోటే 1600ది కూర్చుంటుంది, వెనక్కి రాదు. -పాత్ అని ఇచ్చి వేరే ఫోల్డర్ చూపించాలి. ఆ ఫోల్డర్ ముందే ఉండాలి, అది తనంతట తాను తయారు చేయదు.

ఇక > గుర్తుకు కొటేషన్లు తప్పనిసరి. అవి లేకపోతే షెల్ (మనం కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) దృష్టిలో > అంటే “వచ్చిన అవుట్‌పుట్‌ను పక్కనున్న ఫైల్లోకి పంపు” అని. ఈ కమాండ్‌ను ఒక్కో ఫోటోకు లూప్‌లో నడిపితే ఆ ఫోటో పేరు దాని పక్కనే ఉంటుంది కదా, షెల్ ముందు ఆ ఫోటోను సున్నా బైట్లు చేసి, ఆ తర్వాతే కమాండ్ మొదలుపెడుతుంది. లూప్ తిరిగిన కొద్దీ ఒక్కో ఫోటో ఖాళీ అవుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కూడా ఇదే వరస.

ఇంకోటి. పాత ట్యుటోరియల్స్‌లో “కన్వర్ట్” అనే కమాండ్ కనిపిస్తుంది. విండోస్‌లో ఆ పేరుతో సొంత ప్రోగ్రామే ఒకటుంది, డిస్క్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు మార్చేది. ఏది ముందు దొరికితే అది నడుస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్ 7 నుంచి “మ్యాజిక్” అనే పేరుతోనే పిలవచ్చు, అదే వాడండి.

#4 · షెల్ సుబ్బు

ఒప్పుకున్నా. బ్యాకప్ ఉందనుకుని మాట్లాడాను.

#5 · పిక్సెల్ పంతులు

గీత గారూ, మీ స్క్రిప్ట్ చూశాను. ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చు, కొత్త టూల్ అక్కర్లేదు. ముందు యాంటీఅలియాస్ సంగతి. పిల్లో 10లో, అంటే 2023లో, ఆ పేరు తీసేశారు. అదే ఫిల్టర్ (సైజు తగ్గించే లెక్క) ఇప్పుడు లాంజోస్ అనే పేరుతో ఉంది. మీరు పూర్తిగా తీసేశారు కాబట్టి సైజు తగ్గించే థంబ్‌నెయిల్ ఫంక్షన్ తన డిఫాల్ట్ అయిన బైక్యూబిక్‌తో చేస్తోంది. కొంప మునిగేదేమీ లేదు. లాంజోస్ పెడితే అంచులు కాస్త స్పష్టంగా వస్తాయి.

ఇక అడ్డం తిరగడం. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా సెన్సర్ మాత్రం ఎప్పుడూ తన వరసలోనే పిక్సెళ్లు రాస్తుంది. చాలా ఫోన్లు ఆ పిక్సెళ్లను తిప్పవు. ఫోటో ఫైల్లోనే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో (తేదీ, కెమెరా లాంటి వివరాలు) ఓరియంటేషన్ అనే చోట ఒక అంకె రాసి ఊరుకుంటాయి. 1 నుంచి 8 దాకా ఉంటుంది. 1 అంటే ఉన్నది ఉన్నట్టే. 6 అంటే “చూపించేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పు”. ఫోటో వ్యూయర్లు దాన్ని చదివి తిప్పి చూపిస్తాయి, అందుకే ఒరిజినల్ మీకు నిటారుగా కనిపిస్తుంది. పిల్లో జేపెగ్‌ను సేవ్ చేసేటప్పుడు మీరు అడగకపోతే ఎగ్జిఫ్‌ను వదిలేస్తుంది. అంకె పోయింది, పిక్సెళ్లు అడ్డంగానే మిగిలాయి. కొన్నే తిరగడానికి కారణం ఇదే: అంకె 1 ఉన్నవాటికి పోయేదేమీ లేదు.

పిల్లోలోని ఇమేజ్‌ఆప్స్‌లో ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ అనే ఫంక్షన్ ఉంది, 2019లో వచ్చిన పిల్లో 6 నుంచీ. ఫైల్ ఓపెన్ చేసిన వెంటనే, థంబ్‌నెయిల్ కన్నా ముందు, దాన్ని పిలవండి. అది తిప్పిన కొత్త ఇమేజ్‌ను చేతికిస్తుంది, ఉన్నదాన్ని మార్చదు. కాబట్టి ఫలితాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో పెట్టుకోవాలి. థంబ్‌నెయిల్ దీనికి పూర్తిగా ఉల్టా: అది ఉన్న ఇమేజ్‌నే మార్చేస్తుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. ఈ రెండింటినీ తారుమారు చేసి “నన్‌టైప్” ఎర్రర్ తెచ్చుకోవడం మామూలే.

ఫైళ్లు తగ్గిన సంగతి సాయంత్రం చూస్తాను.

#6 · కొత్తగీత

పంతులు గారూ, ఫోటోలన్నీ లేచి నిలబడ్డాయి! చాలా థాంక్స్.

లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. ఈలోగా ఒక చిన్న ప్రశ్న. క్వాలిటీ 100 పెట్టాను, కొన్ని ఫైళ్లు 500 కేబీ దాటుతున్నాయి. 1600ని ఇంకా తగ్గించాలా?

#7 · రాత్రిబడి

వద్దు, క్వాలిటీ తగ్గించండి. పిల్లో డిఫాల్ట్ 75. వాళ్ల డాక్యుమెంటేషనే 95 దాటవద్దని చెప్తోంది, దాటితే ఫైలు ఉబ్బుతుంది తప్ప కంటికి లాభం ఉండదు. ఫోటోలకు 82 దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువ శాతం సరిపోతాయి. ఆకులు, జనం గుంపులు, కంకర లాంటి సన్నటి వివరాలున్న ఫోటోలు అప్పటికీ దాటితే, ఆ ఫైలుకు మాత్రమే 5 చొప్పున దించుతూ 60 దగ్గర ఆగేలా ఒక లూప్ రాయండి. ప్రతిసారీ రీసైజ్ చేసిన ఇమేజ్ నుంచే సేవ్ చేయాలి. సేవ్ చేసిన జేపెగ్‌ను మళ్లీ తెరిచి సేవ్ చేయకూడదు, చేసిన ప్రతిసారీ కొంత నష్టం పేరుకుపోతుంది.

స్క్రీన్‌షాట్లను జేపెగ్ చేయకండి. అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు వస్తుంది. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది, అక్షరం అంచు లాంటి పదునైన గీత ఉన్న గడిలో ఆ మురికి తేలుతుంది. వాటిని పీఎన్‌జీగానే ఉంచండి.

#8 · పిక్సెల్ పంతులు

ఇప్పుడు మాయమైన ఫైళ్ల లెక్క. మీ స్క్రిప్ట్‌లో మూడు కన్నాలున్నాయి. మూడింటిలోంచీ కారుతున్నాయి.

11వ లైను చూడండి. అన్ని సబ్‌ఫోల్డర్లలోంచీ ఫైళ్లు ఏరుతున్నారు, కానీ అవుట్‌పుట్ మాత్రం ఒకే ఫోల్డర్‌లోకి, పాత ఫైలు పేరుతో. కెమెరాలు ఫైళ్లకు పెట్టే పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 దాటితే మళ్లీ 0001. రెండు కెమెరాలుంటే చెప్పనే అక్కర్లేదు. ఒక సంవత్సరం ఫోల్డర్‌లోని ఐఎంజీ_0012, ఇంకో సంవత్సరం ఫోల్డర్‌లోని ఐఎంజీ_0012 రెండూ అవుట్‌పుట్‌లో ఒకే పేరుకు వస్తాయి. రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. పైథాన్ దృష్టిలో అది మీరు చెప్పిన పనే. మాగ్రిఫైకి -పాత్ ఇచ్చినా ఇదే జరుగుతుంది, అదీ అన్నింటినీ ఒకేచోట పోస్తుంది.

మందు: పైథాన్‌తో పాటే వచ్చే పాత్‌లిబ్‌లో రిలేటివ్ టు అనేది వాడి, మూల ఫోల్డర్ నుంచి ఈ ఫైలుకు ఉన్న దారిని తీసుకోండి. అవుట్‌పుట్ ఫోల్డర్ కింద అదే దారి కట్టి, సేవ్ చేసే ముందు ఆ ఫోల్డర్‌ను తయారు చేయండి. ఫోల్డర్ తయారు చేసే మేక్‌డిర్‌కు పేరెంట్స్, ఎగ్జిస్ట్ ఓకే రెండూ ట్రూ ఇస్తే గొడవ ఉండదు.

12వ లైనులో ఎక్స్‌టెన్షన్ ఏదైనా తీసేసి జేపీజీ తగిలిస్తున్నారు. ఒకే ఫోల్డర్‌లో లోగో.పీఎన్‌జీ, లోగో.జేపీజీ ఉంటే మళ్లీ ఒకటే మిగులుతుంది. పీఎన్‌జీలను పీఎన్‌జీలుగా ఉంచితే ఇదీ తీరుతుంది.

మూడోది అసలైన దొంగ. 16వ లైనులో “ఎక్సెప్ట్: పాస్”. ఏ ఫైలు తెరుచుకోకపోయినా, ఏది సేవ్ కాకపోయినా చప్పుడు చేయకుండా దాటిపో అని దాని అర్థం. అందుకే మీకు “పూర్తయింది” అని వచ్చింది. అక్కడ ఫైలు పేరు, ఎర్రర్ మెసేజ్ ప్రింట్ చేయించండి. ఏవి ఆగుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఇంకా తగల్లేదు గానీ, తగిలే ముందే ఒకటి: అవుట్‌పుట్ ఫోల్డర్‌ను ఇన్‌పుట్ ఫోల్డర్ లోపల పెట్టవద్దు. రెండోసారి నడిపినప్పుడు స్క్రిప్ట్ తాను చేసిన ఫోటోలనే మళ్లీ ఏరుకుంటుంది.

#9 · షెల్ సుబ్బు

“ఎక్సెప్ట్: పాస్” రాసి నెట్‌లో పెట్టినవాళ్లను పట్టుకుని వాళ్ల స్క్రిప్టులే వాళ్ల చేత డీబగ్ చేయించాలి.

#10 · తీరికలేదు

మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఉంది కదా. ఫైళ్లు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొడితే అయిపోతుంది. ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

#11 · నీలిమేఘం

ఒక ఫోల్డర్‌కైతే నేనూ అదే చెప్తాను. ఆవిడకు వందల ఫోల్డర్లు, 500 కేబీ పరిమితి, రేపు కొత్త ఫోటోలొస్తే మళ్లీ ఇదే పని. అక్కడ రైట్ క్లిక్ చాలదు.

#12 · కొత్తగీత

పంతులు గారు చెప్పినట్టు అన్నీ మార్చాను. ఫోల్డర్ల అమరిక అలాగే వచ్చింది, లెక్క దాదాపు కుదిరింది. “పాస్” తీసేశాక మాత్రం ఎర్రర్లు వరదలా వచ్చాయి, చూస్తే టెన్షన్ పుట్టింది. ఏరితే మూడు రకాలే ఉన్నాయి:

“ఆర్‌జీబీఏ మోడ్‌ను జేపెగ్‌గా రాయలేను”. ఇవి జేపెగ్‌గా మార్చి తీరాల్సిన కొన్ని పోస్టర్లు, సైట్ వాళ్లు పీఎన్‌జీ ఒప్పుకోని చోట.

“ఇమేజ్ ఫైలును గుర్తించలేకపోతున్నాను”. అన్నీ హీక్ (.heic) ఫైళ్లు.

“ఇమేజ్ ఫైలు మధ్యలో తెగింది, ఇన్ని బైట్లు మిగిలాయి”. ఇవి కొన్నే.

#13 · నీలిమేఘం

మొదటిది తేలిక. ఆర్‌జీబీఏలో ఆ చివరి అక్షరం పారదర్శకత. జేపెగ్‌కు అది తెలీదు. నేరుగా ఆర్‌జీబీకి కన్వర్ట్ చేస్తే ఎర్రర్ పోతుంది గానీ పారదర్శకంగా ఉన్న చోట చాలాసార్లు నలుపు తేలుతుంది. తెల్లటి కొత్త ఇమేజ్ అదే సైజులో తయారు చేసి, దాని మీద మీ పోస్టర్‌ను పేస్ట్ చేయండి. పేస్ట్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ఆ పోస్టర్‌నే మాస్క్‌గా ఇవ్వాలి.

హీక్‌లు ఐఫోన్‌వి. 2017లో ఐఓఎస్ 11 నుంచి అవే డిఫాల్ట్. పిల్లో–హీఫ్ అనే ప్యాకేజీని పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే కమాండ్) పెట్టుకుని, స్క్రిప్ట్ మొదట్లో దాని రిజిస్టర్ ఫంక్షన్ ఒకసారి పిలిస్తే మిగతా కోడ్ ఏమీ మార్చక్కర్లేదు.

మూడోది మాత్రం స్క్రిప్ట్‌తో సరిచేయవద్దు. తెగిన ఫైళ్లను కూడా తెరిచే సెట్టింగ్ ఒకటి పిల్లోలో ఉంది, నెట్‌లో ఎవరిని అడిగినా అదే చెప్తారు. దాన్ని ఆన్ చేస్తే ఎర్రర్ పోతుంది, ఫోటో కింది భాగం బూడిద రంగు పలకలా వస్తుంది. ఆ ఫైళ్లు కాపీ అవుతుండగా మధ్యలో ఆగినవి కావచ్చు. పేర్లు రాసి పెట్టుకుని, అవి ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి నుంచి మళ్లీ తెచ్చుకోండి.

#14 · రంగులపెట్టె

ఇంతసేపూ ఎవరూ రంగుల మాట ఎత్తలేదు! గీత గారూ, ఒక ఐఫోన్ ఫోటో ఒరిజినల్, మీ స్క్రిప్ట్ చేసినది పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపులు, ఆకుపచ్చలు పాలిపోయి ఉంటాయి.

2016 నాటి ఐఫోన్ 7 నుంచి ఆ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటున్నాయి. ఆ సంగతి చెప్పే ఐసీసీ ప్రొఫైల్ ఫైల్లోనే ఉంటుంది. పిల్లో జేపెగ్‌ను సేవ్ చేసేటప్పుడు మీరు ఇవ్వకపోతే ఆ ప్రొఫైల్ రాయదు. ప్రొఫైల్ లేని ఫోటోను బ్రౌజర్ మామూలు రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది. అంకెలు అవే, అర్థం మారిపోతుంది. ఓపెన్ చేయగానే ఇమేజ్ ఇన్ఫోలోంచి ఐసీసీ ప్రొఫైల్ తీసి దాచుకుని, సేవ్‌కు ఇవ్వండి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి సేవ్ చేస్తే ఇంకా మంచిది గానీ, ఇది ఒక్క మాటతో అయిపోయే పని.

ఇమేజ్‌మ్యాజిక్ వాడేవాళ్లకు కూడా: సైజు తగ్గుతుందని -స్ట్రిప్ పెడుతుంటారు. అది ఎగ్జిఫ్‌తో పాటు ప్రొఫైల్‌ను కూడా ఊడపీకుతుంది. -ఆటో–ఓరియెంట్ పెట్టకుండా స్ట్రిప్ పెడితే అడ్డం తిరగడం కూడా అదనం.

#15 · కొత్తగీత

నిజమే! పక్కన పెట్టి చూసేదాకా తెలీలేదు. ఇప్పుడు సరిగ్గా వచ్చాయి.

మరి ఎగ్జిఫ్ కూడా అలాగే దాచి ఇచ్చేయనా? ఫోటో తీసిన తేదీ ఉంటే బాగుండు.

#16 · రాత్రిబడి

నేనైతే ఇవ్వను. ఫోన్ ఫోటోల ఎగ్జిఫ్‌లో జీపీఎస్ ఉంటుంది. ఎవరి ఇంట్లో తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టినట్టు అవుతుంది. పిల్లో వదిలేయడం ఈ ఒక్క విషయంలో మనకు మేలే.

#17 · రంగులపెట్టె

పూర్తిగా తీసేస్తే ఎవరు తీశారన్న కాపీరైట్ వివరం కూడా పోతుంది. ఫోటోగ్రాఫర్లకు అదొక్కటే మిగిలేది. జీపీఎస్ ఒక్కటీ తీసేసి మిగతాది ఉంచాలి.

#18 · పిక్సెల్ పంతులు

ఇద్దరిదీ సబబే, అది సంస్థ తేల్చుకోవాల్సిన విషయం. ఉంచేట్టయితే ఒక ఉచ్చు ఉంది. ఒరిజినల్ నుంచి తీసి దాచిన ఎగ్జిఫ్‌ను చివర్లో ఇస్తే, అందులో ఓరియంటేషన్ 6 అలాగే ఉంటుంది. పిక్సెళ్లు ఇప్పటికే తిప్పేశారు. బ్రౌజర్ ఆ 6 చూసి మళ్లీ తిప్పుతుంది. నిటారుగా ఉన్నవి ఈసారి రెండో వైపుకు పడతాయి. ట్రాన్స్‌పోజ్ చేసి వచ్చిన ఇమేజ్ నుంచే ఎగ్జిఫ్ అడగండి, అందులో ఆ అంకె తీసేసి ఉంటుంది.

తేదీ కోసమే అయితే ఇంకో దారి: ఎగ్జిఫ్ ఏమీ ఇవ్వకుండా, ఫైలు మాడిఫైడ్ సమయాన్ని పైథాన్ షటిల్ మాడ్యూల్‌లోని కాపీస్టాట్‌తో ఒరిజినల్ నుంచి తెచ్చుకోండి. మీ కంప్యూటర్‌లో తేదీల వరస చెడదు. ఫైలు అప్‌లోడ్ అయ్యాక మాత్రం సైట్ దాన్ని ఉంచుతుందన్న నమ్మకం లేదు.

#19 · షెల్ సుబ్బు

వేగం సంగతి? ఒక్కో ఫోటో వరసగా చేస్తుంటే మిగతా కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. పనిని కోర్లన్నింటికీ పంచే ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్ పెట్టేయండి, మీ ఫంక్షన్‌ను మ్యాప్‌కు ఇస్తే చాలు. విండోస్‌లో మాత్రం మెయిన్ చెక్ (ఫైలును నేరుగా నడిపినప్పుడే పని మొదలుపెట్టమనే షరతు) తప్పనిసరి, ఎందుకంటే ప్రతి కొత్త ప్రాసెస్ మీ ఫైలును మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. ఆ కాపలా లేకపోతే పిల్లలు మళ్లీ పిల్లల్ని పుట్టించబోయి ఎర్రర్‌తో కూలిపోతాయి.

మెమరీకి భయం లేదు. 4000×3000 ఫోటో విప్పితే పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున 36 ఎంబీ. ఎనిమిది ఒకేసారి విప్పినా ఈ కాలం ల్యాప్‌టాప్‌కు లెక్కలోది కాదు.

అలాగే పిల్లోలో డ్రాఫ్ట్ మోడ్ ఉంది, జేపెగ్‌ను చదివేటప్పుడే చిన్నగా చదువుతుంది. అది పెడితే ఇంకా వేగం.

#20 · పిక్సెల్ పంతులు

డ్రాఫ్ట్ ఇక్కడ పనికిరాదు సుబ్బు గారూ. అది సగం, పావు, ఎనిమిదో వంతు లెక్కనే తగ్గిస్తుంది, అడిగిన సైజు కన్నా చిన్నది ఇవ్వదు. 1600×1600 అడిగితే 4000×3000 ఫోటోకు సగం అంటే ఎత్తు 1500, చాలదు, కాబట్టి పూర్తి సైజులోనే చదువుతుంది. 200 పిక్సెళ్ల చిన్న బొమ్మలు చేసేటప్పుడు వాడండి, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

లక్షల ఫోటోలైతే లిబ్‌విప్స్ అనే ఇమేజ్ లైబ్రరీ చూడాలి, దాని విప్స్‌థంబ్‌నెయిల్ వేగంలోనూ మెమరీలోనూ వీటన్నింటి కన్నా తేలిక. వేలకు ప్రాసెస్‌పూల్ చాలు.

#21 · కొత్తగీత

ప్రాసెస్‌పూల్ పెట్టాను, ఫ్యాన్ గట్టిగా తిరిగింది గానీ పని తొందరగా అయింది. ఒక విచిత్రం: స్క్రీన్ మీద బాగానే నడిచే స్క్రిప్ట్, ప్రింట్ అయ్యేదంతా ఒక లాగ్ ఫైల్లోకి పంపితే తెలుగు పేరున్న ఫోల్డర్ దగ్గర “యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్” అని ఆగిపోతోంది.

#22 · రాత్రిబడి

స్క్రీన్‌కు రాసేటప్పుడు పైథాన్ యూనికోడ్ వాడుతుంది. ఫైల్లోకి మళ్లిస్తే విండోస్ పాత కోడ్‌పేజ్ (అక్షరాల పట్టిక) వాడుతుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడపండి. ఫోటోలకేమీ కాలేదు, ఆగింది ప్రింట్ దగ్గర మాత్రమే.

#23 · నీలిమేఘం

మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి చేయక్కర్లేకుండా, అవుట్‌పుట్ ఇప్పటికే ఉంటే దాటిపోయే ఒక షరతు పెట్టుకోండి. దానికి తోడు, నేరుగా చివరి పేరుతో సేవ్ చేయకుండా ముందు ఒక తాత్కాలిక పేరుతో సేవ్ చేసి, అయ్యాక ఓఎస్ రీప్లేస్‌తో పేరు మార్చండి. లేకపోతే కరెంటు పోయిన క్షణంలో సగం రాసిన ఫైలు ఉండిపోతుంది. తర్వాతిసారి స్క్రిప్ట్ దాన్ని చూసి “ఇది అయిపోయింది” అనుకుంటుంది. తాత్కాలిక పేరుకు కొత్త ఎక్స్‌టెన్షన్ పెడితే పిల్లోకు ఫార్మాట్ తెలీదు, సేవ్‌లో ఫార్మాట్ జేపెగ్ అని విడిగా చెప్పాలి.

#24 · కొత్తగీత

అన్నీ చేర్చిన స్క్రిప్ట్ కింద అటాచ్ చేశాను, అరవై లైన్ల దాకా పెరిగింది. తెగిన ఫైళ్లు తప్ప మిగతా లెక్క ఒకటికొకటి సరిపోయింది. తెగినవి పాత హార్డ్‌డిస్క్‌లో వెతుకుతున్నాను, రెండు ఇప్పటికే దొరికాయి. ఎగ్జిఫ్ వద్దని మావాళ్లు తేల్చారు, ఫోటోగ్రాఫర్ పేరు ఫోటో కింద రాస్తామన్నారు.

#25 · మ్యాక్‌వాసి

ఆలస్యంగా చూశాను. మ్యాక్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఇదే పని అవుతుందా? నాకు ఒకటే ఫోల్డర్, అన్నీ పెద్ద ఫోటోలే.

#26 · షెల్ సుబ్బు

అవుతుంది. టెర్మినల్‌లో సిప్స్ అనే కమాండ్ మ్యాక్‌తో పాటే వస్తుంది, హీక్‌లు కూడా తెరుస్తుంది. పెద్ద జెడ్ ఆప్షన్‌కు 1600 ఇవ్వండి, పొడుగు వైపు 1600కు వస్తుంది. చిన్న జెడ్ వేరు, దానికి ఎత్తు, వెడల్పు రెండూ ఇవ్వాలి, నిష్పత్తి చూడదు, మనుషులు సాగిపోతారు. ఇది కూడా ఒరిజినల్ మీదే రాస్తుంది. --అవుట్ అని పెట్టి, ముందే తయారు చేసుకున్న వేరే ఫోల్డర్ పేరు ఇవ్వండి. ఈసారి నీలిమేఘం గారు చెప్పక ముందే చెప్పేశాను.